నీడన కాసే చాక్లెట్టు

పిల్లలూ! చాక్లెట్టు అంటే ఇష్టం లేనివాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు. మరి చాక్లెట్టు ఎక్కడ కాస్తుందో చెప్పగలరా? "చాక్లెట్టు కాయడమేమిటి, దుకాణంలో ఉంటుంది గాని!" అని మీరు నవ్వవచ్చు. కాని చాక్లెట్టు నిజంగా చెట్టుకే పుడుతుంది. ఆ చెట్టును చూడడానికి ఓడ ఎక్కి ఏ దూరదేశమో పోనక్కరలేదు. సత్తుపల్లి నుంచి అశ్వారావుపేటకో, దమ్మపేటకో పోయే బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు.

ఆ దారిలో రెండు పక్కలా కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు బారులు తీరి ఉంటాయి. కొన్ని తోటలలో ఆ పెద్దచెట్ల కింద మరో వరస చెట్లు కనిపిస్తాయి. అవి మనిషికన్న కొంచెం ఎత్తు. ఆకులు వెడల్పుగా, వేలాడుతూ ఉంటాయి. కాయలు కొమ్మల చివర కాక, మొద్దుకే అంటించినట్టు కాస్తాయి. ఇదే కోకో చెట్టు. మొద్దుకు కాయలేమిటని ఆశ్చర్యపోకండి. మన పనస, మన మేడి కూడా అట్లాగే కాస్తాయి గదా!

ఈ చెట్టు గురించి చెప్పేముందు నేను చేసిన ఒక పొరపాటు మీకు చెప్పాలి.

నేను హెడ్మాస్టరుగా పనిచేసే రోజులలో ఒక రైతు మా బడికి రెండు కోకో మొక్కలు ఇచ్చాడు. ఒక మొక్కను అందరికీ కనిపించేట్టు జెండా కర్ర పక్కన, ఆరుబయట నాటించాను. రెండోదానికి మంచి చోటు దొరకక, వంటశాల వెనక అరటి పిలకల మధ్య నాటించాను. అప్పుడు ఏడో తరగతి పిల్లవాడొకడు, "మాస్టారూ! మా తాతయ్య తోటలో ఇవి కొబ్బరిచెట్ల కింద ఉన్నాయండీ. ఎండలో పెట్టకూడదేమోనండీ," అన్నాడు.

"పాఠం మరిచిపోయావా? ఎండ లేనిదే ఏ మొక్కా బతకదు," అన్నాను నేను. వాడు మరి మాట్లాడలేదు.

వానకాలం, చలికాలం రెండు మొక్కలూ బాగానే ఉన్నాయి. మార్చి వచ్చేసరికి జెండా కర్ర దగ్గరి మొక్క ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. పిల్లలు పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోశారు. ఏప్రిల్లో ఆకులు కాల్చిన అప్పడాల్లాగా అయిపోయాయి. మే నెలలో మొక్క చచ్చిపోయింది. అరటి మధ్య మొక్కను మటుకు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వంటశాలలో గిన్నెలు కడిగిన నీళ్ళే దానికి దిక్కు. అయినా జూన్‌లో బడి తెరిచేనాటికి అది కొత్త చిగుళ్ళు వేసింది.

పిల్లలందరినీ ఆ రెండు చోట్లకూ తీసుకువెళ్ళి, "నేను చెప్పింది తప్పు. వీడు చెప్పింది ఒప్పు," అన్నాను. ఆ పిల్లవాడు సిగ్గుపడి తల దించుకున్నాడు. సిగ్గుపడవలసింది వాడు కాదు, విషయం తెలుసుకోకుండా జవాబు చెప్పిన నేను!

మొక్కకు ఎండ కావాలన్నది నిజమే. అయితే ఎంత కావాలి? అసలు ప్రశ్న అది. ఆకు అంటే మొక్క తాలూకు వంటిల్లు. ఎండే పొయ్యిలో మంట. మంట లేనిదే అన్నం ఉడకదు. కాని అవసరానికి మించి మంట పెడితే అన్నం త్వరగా ఉడకదు, అడుగంటుతుంది. కోకో ఆకుకు మిట్టమధ్యాహ్నపు ఎండలో సుమారు పావువంతు సరిపోతుంది. మిగిలిన ముప్పాతిక వల్ల ఆకు వేడెక్కడం, నీరు ఆవిరి కావడం తప్ప మరో లాభం లేదు. అందుకే కోకో కొత్త చిగుళ్ళు ఎర్రగా, మెత్తగా, కిందికి వేలాడుతూ వస్తాయి. ఆ ఎర్రరంగు లేత ఆకుకు గొడుగులాంటిది. ముదిరిన తరువాత ఆకు పచ్చబడుతుంది.

కోకోకు ఈ స్వభావం ఎట్లా వచ్చింది? దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి. అక్కడ ఆకాశాన్నంటే మహావృక్షాల కింద, గాలి విసరని చోట, ఏడాది పొడుగునా పడే వానలలో అది పెరిగింది. మన ఖమ్మం, భద్రాచలం ప్రాంతమో? ఇక్కడ ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన. అందులో చాలాభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురుస్తుంది. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఇట్లాంటి చోట కోకో బతకాలంటే మనిషి దానికి రెండు అమర్చి పెట్టాలి: పైన నీడ, కింద నీరు. నీడ కొబ్బరి, పామాయిల్ చెట్లు ఇస్తాయి. నీరు బోరుబావి నుంచి సన్నని గొట్టాల ద్వారా చుక్కచుక్కగా మొదళ్ళకు చేరుతుంది.

ఇక్కడ రైతు తెలివి చూడండి. పామాయిల్ చెట్లను 9 మీటర్ల ఎడంలో నాటుతారు. ఎకరానికి సుమారు 57 చెట్లు పడతాయి. చెట్లు పెరిగి తలలు పైకిపోయాక కింద నేల ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ నేలకు కూడా నీరు, ఎరువు ఎట్లాగూ అందుతున్నాయి. అక్కడ కోకో వేస్తే పెద్దచెట్ల మీదినుంచి జారిపడే ఎండ దానికి చాలు. ఒకే నేలలో మేడమీద ఒక పంట, కింద ఒక పంట! ఆంధ్రప్రదేశ్‌లో ఏలూరు జిల్లా, గోదావరి జిల్లాల రైతులు కొబ్బరి తోటలలో ఇట్లాగే కోకో పెంచి, మన దేశంలో ఆ పంటకు తమ రాష్ట్రాన్ని మొదటి స్థానంలో నిలబెట్టారు. కేరళలో, కర్ణాటకలో పోక తోటల నీడన కూడా కోకో పండిస్తారు.

ఇప్పుడు కోకో పువ్వు సంగతి. అది మీ చిటికెన వేలి గోరంత ఉంటుంది. తెల్లగా, కొంచెం గులాబి ఛాయతో, అయిదు రేకులతో ఉంటుంది. వాసన లేదు. తేనెటీగలు దాని జోలికి పెద్దగా రావు. ఈ పువ్వులో పుప్పొడి చేరవేసే పని ఒక చిన్న ఈగది. అది దోమకన్న కూడా చిన్నది. మూడు మిల్లీమీటర్లు మించదు. ఇంత చిన్న ఈగ తన పని చేస్తేనే కాయ పుడుతుంది. ఒక చెట్టు ఏడాదికి వేలకొద్దీ పువ్వులు పూస్తుంది. వందలో అయిదు పువ్వులు కాయలైతే గొప్ప. తక్కినవి ఒకటి రెండు రోజులలో రాలిపోతాయి.

ఆ ఈగ ఎక్కడ పుడుతుంది? చెట్టు కింద రాలి, తడిసి, కుళ్ళుతున్న ఆకులలో, పారవేసిన కాయ డొప్పలలో. తోటను అద్దంలాగా ఊడ్చి, రాలిన ఆకునంతా తగలబెట్టేవాడికి ఏమవుతుందో ఊహించండి. చూడడానికి తోట శుభ్రంగా ఉంటుంది, కాయలు మటుకు తక్కువ కాస్తాయి. రాలిన ఆకు నేల తడి ఆరకుండా కాపాడుతుంది, కుళ్ళి ఎరువవుతుంది, ఈగకు ఉయ్యాల కూడా అవుతుంది. అయితే జబ్బుపడి నల్లబడిన కాయలను మటుకు చెట్టున ఉంచకూడదు. వానకాలంలో ఒక బూజు తెగులు వచ్చి కాయ మీద నల్లమచ్చ వేస్తుంది. దానిని వెంటనే కోసి దూరంగా పాతిపెట్టకపోతే పక్క కాయకు పాకుతుంది. శుభ్రమంటే అన్నీ ఊడ్చివేయడం కాదు. ఏది ఉంచాలో, ఏది తీయాలో తెలియడం.

పిందె పట్టిన అయిదారు నెలలకు కాయ పండుతుంది. పచ్చకాయ పసుపురంగుకు, ఎర్రకాయ నారింజరంగుకు తిరుగుతుంది. జానెడు పొడవు, మందమైన డొప్ప. పగలగొడితే లోపల తెల్లని గుజ్జు అంటిన గింజలు 30 నుంచి 45 దాకా ఉంటాయి. గుజ్జును సీతాఫలంలాగా చప్పరించవచ్చు. తియ్యగా, పుల్లగా ఉంటుంది. గింజను కొరికితే మటుకు మీ ముఖం చూసుకోవాలి! అంత చేదు. ఈ రహస్యం ఉడతకు కూడా తెలుసు. అది కాయకు కన్నం చేసి గుజ్జు తిని, గింజలు కింద పారవేస్తుంది. అడవిలో అయితే అది చెట్టుకు ఉపకారమే, గింజ దూరంగా పడి మొలుస్తుంది. తోటలో మటుకు రైతుకు నష్టం. ఉడతలకు తోడు కోతులు వస్తే ఇక చెప్పనక్కరలేదు.

చేదు గింజకు చాక్లెట్టు రుచి ఎట్లా వచ్చింది? మీ అమ్మగారు ఇడ్లీపిండి పులియబెట్టడం చూశారుగా? అట్లాగే ఈ గింజలనూ గుజ్జుతో సహా బుట్టలోనో, చెక్కపెట్టెలోనో పోసి, అరటి ఆకులు, గోనెలు కప్పి ఆరు రోజులపాటు పులియబెడతారు. మధ్యమధ్య కలియబెడతారు. మొదట కంటికి కనపడని ఈస్టు జీవులు గుజ్జులోని చక్కెరను సారాయిగా మారుస్తాయి. తరువాత మరో రకం సూక్ష్మజీవులు ఆ సారాయిని పులుపుగా, అంటే వినెగరుగా మారుస్తాయి. అప్పుడు ఆ రాశి 45, 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. చెయ్యి పెడితే కాలినట్టుంటుంది. ఆ వేడికి, పులుపుకు గింజలోని మొలక చచ్చిపోతుంది. లోపలి ఊదారంగు గోధుమరంగుకు తిరుగుతుంది. చేదు తగ్గి, ముందుముందు సువాసన ఇచ్చే పదార్థాలు తయారవుతాయి. ఇంత పనీ జరగకుండా గింజను ఎండబెట్టి ఎంత వేయించినా దానికి చాక్లెట్టు వాసన రాదు. తొందరపడి నాలుగు రోజులకే బుట్ట దించిన రైతుకు మంచి ధర కూడా రాదు.

ఆ తరువాత గింజలను ఎండలో ఆరబోస్తారు. మూడు కిలోల పచ్చి గింజలు ఎండి సుమారు కిలో అవుతాయి. ఎండిన గింజ ఒక గ్రాము తూగుతుంది. ఇక ఒక లెక్క చేద్దాం. కాయకు 40 గింజలనుకుంటే 40 గ్రాములు. కిలో గింజలకు ఎన్ని కాయలు కావాలి? పాతిక. కోకో నూటికి 70 పాళ్ళున్న 100 గ్రాముల చాక్లెట్టు కడ్డీకి, గింజ పొట్టు పోగా, సుమారు రెండు కాయలు కావాలి. ఆ రెండు కాయల వెనక అయిదారు నెలల నీడా, నీరూ ఉన్నాయి.

ఎండిన గింజలు కర్మాగారానికి పోతాయి. అక్కడ వేయించి, పొట్టు తీసి రుబ్బుతారు. గింజలో సగానికి సగం వెన్నే గనక రుబ్బుతుంటే అది లేహ్యంలాగా జారుతుంది. ఈ కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. మన ఒంటి వేడి 37. అందుకే చాక్లెట్టు నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. మే నెలలో మన ఊళ్ళో అయితే నోటిదాకా రానక్కరలేదు, దుకాణంలోనే కరిగిపోతుంది!

ఈ చెట్టుతో మనిషికి స్నేహం చాలా పాతది. ఈక్వడార్ దేశంలో 5,300 ఏళ్ళ నాటి పాత్రలలో కోకో ఆనవాళ్ళు దొరికాయని శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించారు. మధ్య అమెరికాలో మాయా ప్రజలు, తరువాత అజ్‌టెక్ ప్రజలు కోకోను మిరపకాయ వేసి పానీయంగా తాగేవారు. గింజలను డబ్బులాగా కూడా వాడేవారు. 1753లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు దీనికి "థియోబ్రోమా" అని పేరు పెట్టాడు. దేవతల ఆహారమని ఆ మాటకు అర్థం. 1828లో హాలండులో వాన్ హౌటెన్ గింజనుంచి వెన్నను పిండే పద్ధతి కనిపెట్టాడు. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో ఫ్రై కంపెనీ తినే చాక్లెట్టు కడ్డీ చేసింది. 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ దానికి పాలు కలిపాడు. మన దేశంలో 1798లో తమిళనాట కుర్తాళం వద్ద కోకో నాటారు. కాని అది పంటగా నిలదొక్కుకున్నది 1960ల తరువాతనే.

ఇక మీలో తెలివైనవారు ఒక ప్రశ్న వేస్తారు: "కాఫీ కూడా నీడన పెరుగుతుంది గదా? కాఫీ తోటలోనే కోకో వేస్తే?" మంచి ప్రశ్న. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా కొండదారి ఎక్కితే మారేడుమిల్లి వస్తుంది. ఆ పక్కనే పాములేరు లోయ. తెలుగు నేల మీద మొట్టమొదట, 1898లో, బ్రోడీ అనే ఇంగ్లీషు దొర కాఫీ నాటించింది అక్కడే. తరువాత అది అరకు, అనంతగిరి, చింతపల్లి కొండలకు పాకింది. అక్కడ గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ వేసి, ఆ చెట్ల మొద్దులకు మిరియాల తీగ పాకిస్తారు. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అయితే అరకు కాఫీకి 900 మీటర్లు, అంతకుమించిన ఎత్తులో చల్లదనం కావాలి. కోకోకు వెచ్చదనం కావాలి. కొండపైన కాఫీకి హాయి, కొండకింద కోకోకు హాయి. పైగా రెండూ నీడ పంటలే గనక, పక్కపక్కనే ఒత్తుగా వేస్తే ఒకే బెంచీ మీద చోటుకోసం తోసుకునే ఇద్దరు పిల్లల్లాగా అవుతాయి. రెంటినీ కలిపి పెంచేవారు తగినంత ఎడం ఇచ్చి, రెంటికీ పైన మూడో పెద్దచెట్టు ఉంచాలి. మధ్య అమెరికాలో తక్కువ ఎత్తుగల చోట్ల, వేడి పెరిగి కాఫీకి కష్టమైనప్పుడు, కొందరు రైతులు కాఫీ చోట కోకో నాటుకుంటున్నారు. అప్పుడు కూడా పైన ఉన్న నీడచెట్లను కొట్టరు. పంట మారినా నీడ మారదు.

కాని నీడ విలువ మరిచినచోట ఏమైందో కూడా తెలుసుకోవాలి. ప్రపంచపు కోకోలో సగానికి పైగా ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు, ఘనా దేశాలలో పండుతుంది. ఐవరీ కోస్టులో 1960 నుంచి ఇప్పటిదాకా అడవిలో చాలాభాగం పోయింది. అందుకు ముఖ్యమైన కారణాలలో కోకో తోటలు ఒకటి. అడవిలో పుట్టిన చెట్టు కోసం అడవినే నరికారన్నమాట! ఈమధ్య అక్కడ చెట్లకు తెగుళ్ళు వచ్చి, వానలు కాలానికి పడక, పంట తగ్గింది. 2024లో ప్రపంచ మార్కెట్టులో టన్ను ధర 10,000 డాలర్లు దాటింది. మన రైతులకు కూడా కిలోకు వెయ్యి రూపాయల దాకా వచ్చింది. 2025లో ధర సగానికి సగం పడిపోయింది. రైతులు గింజలు ఇంట్లో పెట్టుకుని, ధర కోసం రోడ్డెక్కవలసి వచ్చింది. ఎక్కడో ఆఫ్రికాలో పడిన వానకూ, ఇక్కడ మీ పక్కింటివాళ్ళ పిల్లవాడి బడి ఫీజుకూ సంబంధం ఉన్నదని ఇప్పుడు మీకు తెలిసింది గదా?

అందుకే ఒక్క పంటనే నమ్ముకోని తోట మంచిది. కోకో ధర పడిన ఏడు పామాయిల్ గెలలు ఆదుకుంటాయి. గెలల ధర పడిన ఏడు కోకో ఆదుకుంటుంది. అయితే కోకో బాగుందని ఇప్ప, తునికి, నల్లమద్ది ఉన్న అడవిని కొట్టి తోట వేస్తే మటుకు లాభం లేదు. ఎంత నీడ ఉన్నా తోట తోటే, అడవి కాదు. బోరుబావికి నీరు ఊరేది ఆ అడవి పట్టి ఉంచిన వాననుంచే. ఉన్న తోటలో ఖాళీ నీడను వాడుకోవడమే కోకో సాగులోని అసలు తెలివి.

మీరు కూడా ఒక పరీక్ష చేయండి. రెండు కుండీలలో ఒకే రకం మట్టి పోసి పుదీనా నాటండి. రెంటికీ సమంగా నీళ్ళు పోయండి. ఒకటి రోజంతా ఎండలో, మరొకటి జామచెట్టు కింద ఉంచండి. వేసవిలో నెలరోజులు ఏ ఆకు ఎట్లా ఉన్నదో రోజూ వ్రాసుకోండి. ఆ తరువాత పుదీనా బదులు బంతి నాటి చూడండి. రెండు జవాబులూ ఒకటి కావు. ఏ మొక్కకు ఎంత ఎండ కావాలో ఆ మొక్కనే అడగాలి, నాలాగా పాఠం మాత్రమే చూసి చెప్పకూడదు.

వంటశాల వెనకటి మా కోకో మొక్క నాలుగో ఏట కాసింది. మొదటి ఏడు మూడే కాయలు. ఒకదాన్ని ఉడత తిన్నది. రెండోదాన్ని పిల్లలందరూ పంచుకుని గుజ్జు చప్పరించారు. మూడోదాన్ని, జెండా కర్ర దగ్గర నాటవద్దన్న ఆ పిల్లవాడికి ఇచ్చాను. వాడు దాన్ని తినలేదు. గింజలు తీసి వాళ్ళ తాతయ్యగారి కొబ్బరిచెట్ల కింద మొలకవేశాడు.